ఛార్జి అప్పగించని షెరీఫ్

గత శనివారం మధ్యాహ్నం బట్టలు మడతపెడుతూ టీవీ ఛానళ్లు మారుస్తుంటే ఒక పాత కౌబాయ్ సినిమా చివరి ఘట్టం దొరికింది. విలన్ దుమ్ములో పడి ఉన్నాడు. తలుపుల వెనక దాక్కున్న ఊరి జనం ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు. షెరీఫ్ ఎవరితోనూ ఒక్క మాటైనా మాట్లాడకుండా గుర్రమెక్కి, ఊరు దాటి, కొండల వైపు వెళ్లిపోతున్నాడు. "మరి ఛార్జి ఎవరికి అప్పగించాడు?" అన్నాను పైకే. పక్కన ఫోన్ చూసుకుంటున్న మా అమ్మాయి తలెత్తి, "హూ ఆర్ యూ టాకింగ్ టు, మామ్?" అంది. ఆ ప్రశ్న నాది కాదు, మా మామగారిది. ఆయన పోయి చాలాకాలమైంది కానీ, ఆయన ప్రశ్నలు మాత్రం ఇంట్లోనే ఉండిపోయాయి.

మామగారు తహసీల్దారుగా రిటైరై, మాతోపాటు టొరంటో దగ్గరున్న మిల్టన్ వచ్చి స్థిరపడ్డారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆదివారం ఉదయం ఆటలకు వచ్చే ఇంగ్లీషు సినిమాలు ఒక్కటీ వదిలేవారు కాదట. మాటలు సగం అర్థం కాకపోయినా గుర్రమూ తుపాకీ అందరికీ అర్థమయ్యేవన్నది ఆయన వివరణ. ఇక్కడ శనివారం మధ్యాహ్నాలు అవే సినిమాలు టీవీలో వచ్చేవి. ఆ వేళకే నాకు ఉతికిన బట్టల పని పడేది కనుక నేనూ సోఫాలో ఆ చివర కూర్చునేదాన్ని. వేడి కాఫీ, డ్రయ్యర్ నుంచి తీసిన తువ్వాళ్ల వెచ్చదనం, తెరమీద ఎర్రటి ఎడారి, కిటికీ అవతల తెల్లటి మంచు: మా శనివారాలు ఇలా ఉండేవి. చూసిన ప్రతి సినిమా పక్కనా ఆయన తీర్పును డైరీలో రాసుకునేదాన్ని. ఆ తీర్పుల్లో నిర్దోషిగా బయటపడిన హీరో ఒక్కడూ లేడు. తుపాకీ ఎంత వేగంగా తీశాడన్నది ఆయనకు పట్టేది కాదు. "చంపాడు, సరే. పంచనామా ఏదమ్మా? పోనీ అదీ వదిలేద్దాం. లాకప్‌లో ఇద్దరున్నారు. తాళాలు జేబులో వేసుకుని చక్కాపోయాడు. రేప్పొద్దున్న వాళ్లకి అన్నం ఎవరు పెడతారు?" అనేవారు. సర్కారు కొలువులో బదిలీ అయినవాడు తన తర్వాతివాడికి తాళాలు, దస్త్రాలు, సగంలో ఉన్న పనులు అన్నీ చేతికిచ్చి, "తీసుకున్నాను" అనిపించుకుంటేగాని కుర్చీ దిగకూడదు. ఛార్జి అప్పగించడమంటే అది. ఆయన లెక్కలో న్యాయమంటే సగం అదే.

ఇంత కచ్చితమైన మనిషి మీద మిల్టన్‌లో ఒక వీరగాథ పుట్టింది. మా వరుసలో చివరి టౌన్‌హౌస్‌లో ఒక డాక్టరమ్మగారు ఉంటారు. గ్వెల్ఫ్‌లో ప్రాక్టీసు చేసి రిటైరయ్యారు. భర్త లేరు, కొడుకు దేశానికి ఆ చివర సర్రీలో ఉంటాడు. ఆవిడ కిడ్నీలు పాడై వారానికి మూడు ఉదయాలు డయాలిసిస్‌కు వెళ్లవలసి వచ్చినప్పుడు, ఎవరూ అడగకముందే మామగారు కారు తీశారు. ఒకరోజు మంచు పడుతుండగా వెళ్లి, క్షేమంగా తిరిగి వచ్చారు. ఆ రోజు నేను వాకిలి ఊడ్చాను కనుక చెప్పగలను, మంచు చీలమండల దాకా ఉంది. తెలుగువాళ్లం తలో వంటకం తెచ్చుకుని కలిసే ఉగాది పాట్‌లక్ నాటికి అది మోకాళ్లకు, దీపావళి నాటికి నడుముకు వచ్చింది. ఆ తర్వాత దారిలో బోల్తాపడిన ట్రక్కు ఒకటి చేరింది. నేను సరిదిద్దబోతే ఒక అంకుల్, "మీరుండండమ్మా! సార్ మా షెరీఫ్" అని కసిరారు. మామగారు మాత్రం పులిహోర తింటూ, "ట్రక్కు ఏ రంగుదండీ?" అని శ్రద్ధగా అడిగేవారు.

ఆ తర్వాతి చలికాలానికి ఆయన కుడి కంటి చూపు అంచుల్లో మసకబారింది. మరో పరీక్ష దాకా పగటిపూట నడపవచ్చని కంటి డాక్టరు చెప్పింది. అంటే చట్టం ఒప్పుకుంది. అంకుల్స్ సరేసరి. "మీకేంటి సార్, కళ్లు మూసుకుని నడుపుతారు!" అన్నారు. ఆయన మానేస్తే డాక్టరమ్మగారికి వేరే దారి లేదు. మావారు తెల్లవారకముందే టొరంటో రైలెక్కుతారు. ఇంటి నుంచి పనిచేసే నాకు లైసెన్సు ఉంది గానీ, మొదటి మంచు పడిననాటి నుంచి అది కరిగేదాకా స్టీరింగ్ ముట్టుకునేదాన్ని కాదు. వచ్చిన కొత్తలో ఒకసారి కారు నా మాట వినకుండా పక్కకు జారింది. ఆ క్షణం నా అరచేతుల్లోంచి ఎన్నడూ పోలేదు.

ఒక ఉదయం నాకూ ఆసుపత్రి వైపు పని ఉండి వాళ్లతో బయల్దేరాను. సన్నగా మంచు పడుతోంది. నాలుగు రోడ్ల కూడలిలో కుడి పక్కన స్టాప్ బోర్డు ఉంది. కారు ఆగలేదు. పిల్లను బండిలో తోసుకుంటూ రోడ్డు మీద అడుగుపెట్టబోయిన ఒకావిడ చటుక్కున వెనక్కి తగ్గింది. ఎవరికీ ఏమీ కాలేదు. పోలీసులూ లేరు. వెనక సీట్లోంచి డాక్టరమ్మగారు, "ఏమయ్యా షెరీఫూ, ఇవాళ గుర్రం ఆగనందా?" అన్నారు. మామగారు నవ్వలేదు. కారు పక్కకు తీసి, హెచ్చరిక దీపాలు వేశారు. తర్వాత దిగి, నా వైపు తలుపు తీశారు.

"అమ్మా, ఇటొచ్చి కూర్చో."

"మంచు పడుతోంది మామయ్యగారూ. నావల్ల కాదు."

"నాకు బోర్డు కనపళ్లేదమ్మా. నీకు కనపడింది కదా?"

సీటు బెల్టు విప్పుకుని కిందికి దిగాను. ఆయన తాళంచెవి తీసి రెండు చేతులతో నా అరచేతిలో పెట్టారు. మంచులో నిలబడే, ఆఫీసు గది నుంచి ఆఖరిసారి బయటికి వస్తున్నంత నిదానంగా చెప్పుకొచ్చారు: వెళ్లేటప్పుడు ఆవిడతో ఎంతైనా మాట్లాడవచ్చు, వచ్చేటప్పుడు మాట్లాడించకూడదు, తిరుగు ప్రయాణంలో ఆవిడకు చలి ఎక్కువ, కారు ముందే వేడిచేసి ఉంచాలి, సూదులు గుచ్చిన చెయ్యి పట్టుకోకూడదు, రెండో చెయ్యి అందుకోవాలి. "ఛార్జి అప్పగించాను" అని ఆగారు. ఆయన కదల్లేదు. టోపీ మీద మంచు పేరుకుంటోంది.

"తీసుకున్నాను" అన్నాను చివరికి.

"సాక్షిని నేను. ముందు హీటర్ వేయండి, సాక్షి చచ్చేలా ఉంది!" అన్నారు డాక్టరమ్మగారు.

ఆయన పొడగరి. సీటు ముందుకు జరపాలని కూడా నాకు తోచలేదు. కాలి మునివేళ్లతో పెడళ్లను అందుకుంటూ, నత్తలా నడిపాను. మామగారు పక్కన కూర్చుని ఒక్క సలహా ఇవ్వలేదు. ఆసుపత్రి గుమ్మం ముందు ఆగాక, "సీటు జరుపుకో అమ్మా. ఇక అది నీదే" అన్నారు. మళ్లీ ఆయన ఆ సీట్లో కూర్చోలేదు. ఈ సంగతి నేను పాట్‌లక్‌లో చెప్పబోతే ఎవరికీ రుచించలేదు. నడుము లోతు మంచులో దూసుకుపోయినవాడు కావాలి గాని, కారు పక్కకు ఆపి దిగినవాడితో కథ నడవదు. చట్టం నడపమంది, షెరీఫ్ అన్న పేరు నడపమంది. దిగిపొమ్మన్న తీర్పు మాత్రం ఆయనదే. సినిమా హీరోలందరికీ శిక్ష వేసిన ఆ మనిషి ధైర్యాన్ని ఏమని రాయాలో తెలియక, ఆ రోజు డైరీలో వాతావరణం మాత్రం రాశాను.

ఇదంతా మొన్న శనివారం మా అమ్మాయికి చెప్పాను. దానికి ఈ మధ్యే లైసెన్సు వచ్చింది. డాక్టరమ్మగారిని డయాలిసిస్‌కు తీసుకెళ్లాల్సిన సోమవారం ఉదయమే నాకు తప్పనిసరి మీటింగు పడింది. వాకిట్లో తాళంచెవి దాని చేతిలో పెట్టి, చెప్పవలసినవన్నీ చెప్పాను. "ఐ గాట్ ఇట్, మామ్" అంది. నేను కదల్లేదు. అది నా ముఖంలోకి చూసి, నవ్వు ఆపుకుని, "తీసుకున్నాను" అంది. వెనక సీట్లోంచి, ఇంకా సన్నబడిన గొంతుతో డాక్టరమ్మగారు, "మళ్లీ నేనేనా సాక్షిని?" అన్నారు. మా అమ్మాయికి తాతగారి పొడుగు వచ్చింది. కూర్చోగానే మోకాళ్లు తగిలి, కిందికి చెయ్యిపెట్టి సీటును వెనక్కి తోసింది.

కాలం గడిచిందని చెప్పడానికి సినిమాలో గుర్రాన్ని దూరం చేసి చూపిస్తారు. మా వాకిట్లో కారు ఎక్కడికీ పోలేదు. సీటు ఒకసారి ముందుకు జరిగి, ఇన్నేళ్లకు మళ్లీ వెనక్కి వెళ్లింది, అంతే.