పైపు దగ్గరికి నడిచిన వంగచెట్లు

నిక్షేపంలా ఉన్న ఎనిమిది వంగచెట్లను ఒకే మధ్యాహ్నం, పుస్తకం చూసుకుంటూ, కొలతలు వేసుకుంటూ, అక్షరం తప్పకుండా చంపిన మహానుభావుడి కథ చెబుతాను. ఆ మహానుభావుడు నేనే. ఏడేళ్లు దాటినా వాడి మీద నా కోపం చల్లారలేదు. ఇప్పుడు ఎదురుపడితే చొక్కా పట్టుకుని నాలుగు వాయిస్తాను. అద్దంలో తప్ప వాడు దొరకడు, అదీ బాధ.

మాది ప్రొద్దుటూరు. పదో తరగతితో నా చదువు ఆగింది. మిగతాదంతా మా వీధి చివరి గ్రంథాలయంలో, కిటికీ పక్క కుర్చీలో పూర్తి చేశాను. తేనెటీగల పెంపకం నుంచి తేలుకాటు వైద్యం దాకా నేను చదవని విషయం లేదు. చేసి చూసిన విషయమూ లేదు.

ఇంటి వెనక చారెడు నేలలో నా భార్య ఈశ్వరమ్మ వంగచెట్లు పెంచుతుండేది. అవి మామూలు వంగచెట్లు కావు. మా అత్తగారు ముప్పై ఏళ్లుగా కాపాడుకుంటూ వచ్చిన పచ్చముళ్ల వంకాయ విత్తనం. మంచి కాయలను కోయకుండా చెట్టు మీదే పండనిచ్చి, గింజలు తీసి, బూడిద కలిపి ఎండబెట్టి దాచేది. ఆమె అంతకు ముందు ఏడాదే పోయింది. గుడ్డమూటలో మిగిలిన ఆఖరి పిడికెడు గింజల్లో మొలిచినవే ఈ చెట్లు. ఇవి పండి గింజ ఇస్తేనే ఆ వంగడం ఉంటుంది. లేదంటే అత్తగారితోపాటు అదీ పోయినట్టే.

ఆ ఎండాకాలం ఈశ్వరమ్మ చెల్లెలి కాన్పుకని జమ్మలమడుగు పోతూ నాకు చెంబు చేతికిచ్చింది.

"పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు, ఒక్కో చెట్టు మొదట్లో పొయ్యి. అంతకుమించి ఏమీ చెయ్యొద్దు. మాటివ్వు."

"ఈ కాలంలో చెంబేందే? డ్రిప్పు పెడతా సూడు. ఒక్క బొట్టు వృథా పోదు."

"ఏమయ్యా, నీకు దండం పెడతా. చెంబు చాలు."

ఆమె బస్సెక్కిన గంటకు నేను గ్రంథాలయంలో ఉన్నాను. బిందుసేద్యం మీద పుస్తకం దొరికింది. మా మామ, అంటే ఈశ్వరమ్మ నాన్న, పులివెందుల దగ్గర చీనీతోట, అదే బత్తాయి తోట రైతు. ఆయన పాత డ్రిప్పు పైపు చుట్ట ఒకటి మా అటక మీద ఉంది. ఇంకేం కావాలి? బాత్రూం మీదికి నీళ్ల డ్రమ్ము ఎక్కించి పైపు తగిలించి, మడి పొడవునా రెండు వరసలు పరిచాను. పైపుకు బొట్టుబొట్టుగా నీళ్లు వదిలే డ్రిప్పర్లు ఎనిమిదున్నాయి. నీళ్లు వదిలితే ఎనిమిదీ చక్కగా కారాయి. ఒక్కటి కూడా చెట్టు మొదట్లో కారలేదు.

కారణం నాకు వెంటనే తెలిసిపోయింది. తప్పు ఈశ్వరమ్మది! వరసా వావీ లేకుండా, మట్టి ఎక్కడ మెత్తగా ఉంటే అక్కడ నాటింది. పుస్తకంలో చూస్తే డ్రిప్పర్ల మధ్య దూరం మార్చరాదని లావు అక్షరాల్లో ఉంది. నాకు ఒళ్లు మండింది. ఇంత శాస్త్రం ఉండగా ఈ అడ్డదిడ్డపు నాటు ఏమిటి?

పార పట్టుకుని మడిలో దిగాను.

పక్కింటి ఖాదర్ గోడ మీదుగా తల పెట్టాడు. పదేళ్లు కువైట్‌లో పైపుల పని చేసి వచ్చినవాడు.

"ఏంది మామా, నడినెత్తిన ఎండలో తవ్వుతాండావు?"

"చెట్లను డ్రిప్పర్ల కాడికి జరుపుతాండా."

ఖాదర్ గోడ మీదికి ఇంకాస్త వంగాడు. "చెట్లనా?"

"మరి? పైపు కొలత మార్చకూడదు. పుస్తకంలో ఉంది."

"మామా, ఆ పైపుకు మేకుతో ఇంకో బెజ్జం పొడిచి, డ్రిప్పరు పీకి ఆడ గుచ్చితే అయిపాయె. రెండు నిమిషాల పని. నేను వచ్చేదా?"

"నువ్వు ఎన్ని పుస్తకాలు చదివినావు ఖాదరూ?"

"ఒకటి కూడా లేదు మామా."

"అయితే గమ్మునుండు!"

మీరే చెప్పండి, ఇలాంటివాణ్ని ఏం చేయాలి? ఖాదర్‌ను కాదు, నన్ను! పూత మీద, పిందె మీద ఉన్న చెట్లను, వైశాఖం ఎండలో, పరీక్ష హాల్లో పిల్లలను నంబర్ల ప్రకారం కూర్చోబెట్టినట్టు, ఒక్కో డ్రిప్పరు కింద ఒక్కోదాన్ని కూర్చోబెట్టాను. ఆ అందం చూసి పొంగిపోయి ఫొటో తీసి మామకు పంపాను. ఐదు నిమిషాల్లో ఫోను మోగింది.

"ఏమప్పా, చెట్లన్నీ తలకాయలు యాలబడేసినాయేంది?"

"కొత్త నీళ్లు కదా మామా. నమస్కారం పెడతాండాయి."

"అవి ఆడాడ ఉండేవి గదా. ఈ పైపు కాడికెట్లొచ్చె?"

చెప్పాను. అవతలి నుంచి అరుపు.

"నా తోటలో ఐదువందల చీనీచెట్లుండాయి. పైపు కోసరం నేను వాటిని పీకి నాటినానా? పైపును జరపల్లగానీ చెట్టును జరుపుతారప్పా? బిన్నా, ఇప్పుడే గోనెపట్టాలు కప్పు. బిందెతో నీళ్లు పొయ్యి!"

"బిందెతో పోస్తే డ్రిప్పు ఎందుకు మామా? అవి అలవాటు పడాలంతే."

ఫోను పెట్టేశాను. మామ మీద కోపం, ఖాదర్ మీద కోపం, వాలిపోయిన చెట్ల మీద అంతకంటే కోపం. రోజూ వాటి ముందు నిలబడి తిట్టేవాణ్ని. "ఇన్ని నీళ్లు తాగుతాండారే, సిగ్గులేదా?" అని అరిచేవాణ్ని. సిగ్గు ఉందో లేదో గాని అవి వారంలో ఎండి పుల్లలయ్యాయి. డ్రిప్పు మాత్రం ఒక్క బొట్టు తప్పకుండా ఆ పుల్లలకు నీళ్లు పెడుతూనే ఉంది.

పదోరోజు ఈశ్వరమ్మ వచ్చింది. వెంట మామ కూడా. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఎండిన చెట్టుకు వేలాడుతున్న కాయను తెంపి, కొడవలిమొనతో చీల్చింది. లోపల గింజ లేత తెలుపు.

"ముదరలేదు నాయినా," అంది వాళ్ల నాన్నతో. "అమ్మ ఇత్తనం పాయె."

ఆ క్షణం నాకు చదివిన పుస్తకాల్లో ఒక్క ముక్కా గుర్తు రాలేదు.

మామ కాళ్లు కడుక్కోవడానికి అంట్లు తోమే బండ దగ్గరికి పోయాడు. అక్కణ్నించి కేక వేశాడు.

"అమ్మీ, ఈడికి రా! ఇదేంది?"

బండ వెనక, అంట్లనీళ్లు పారే బురదలో, గోడకు ఆనుకుని ఒక వంగచెట్టు. పచ్చగా, కొత్త చిగురేసి, రెండు పిందెలతో!

"దీనికి డ్రిప్పు యాడుందప్పా?" అన్నాడు మామ.

ఇక దాచి లాభం లేదు. "డ్రిప్పర్లు ఎనిమిదే మామా. చెట్లు తొమ్మిది. లెక్కకు సరిపోలేదని అది మట్టిగడ్డతో సహా ఆడ పారేసినా."

మామ బండ మీద కూలబడి, నవ్వాలో కొట్టాలో తెలియక తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. ఈశ్వరమ్మ ఆ చెట్టు చుట్టూ చేత్తో మట్టి ఎగదోసింది. తర్వాత నా వైపు తిరిగింది. కళ్లలో నీళ్లు, నోట్లో నిప్పులు.

"నువ్వు బతికిచ్చినవి ఎనిమిదీ సచ్చినాయి. పారేసింది ఒగటి బతికింది. ఏమయ్యా, ఇంగ దీన్ని మాత్రం బతికిచ్చొద్దు!"

ఆ రెండు కాయలు పండి గింజనిచ్చాయి. వంగడం నిలిచింది. కాబట్టి నేను ఆ అంట్ల బండ సాక్షిగా, కుడిచెయ్యి పైకెత్తి, సకల కూరగాయల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను: ప్రాణం పోయినా సరే, ఈ జన్మలో ఇంకే మొక్కకూ మేలు చేయను.