పేరు కింద తెలుపు

ఆ రోజుల్లో నరసరావుపేటలో ఐజాకన్న పేరు చూడాలంటే తలెత్తితే చాలు. బట్టల కొట్ల బోర్డుల మీద, లారీల వెనక తలుపుల మీద, పురుగుమందుల ప్రకటనలున్న గోడల మీద, కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లే ప్రభల గుడ్డల మీద, కుడిచేతి మూలన ‘ఐజాక్ ఆర్ట్స్’ అని ఉండేది. చివరి అక్షరం తోకను సాగదీసి, మెలితిప్పి, పేరంతటికీ కింద గీతలా తెచ్చేవాడు. బోర్డు ఎవరిదో జనం చదవకపోయినా ఆయనకు పట్టదు. ఆ తోక చూడకుండా పోతే మాత్రం అన్నం సహించదు.

ఆయన కొట్టును ఆనుకునే నా టైలరింగ్ కొట్టు. మధ్యలో గోడలా ఒక ఇనప రేకు. అటు దగ్గితే ఇటు వినపడేది. మనిషి చెడ్డవాడేమీ కాదు. వేరే పెయింటరు రాసిన బోర్డు బాగుంటే సైకిలు దిగి మరీ చూసి, వాడి దగ్గరకు వెళ్లి మెచ్చుకుని వచ్చేవాడు. ఊళ్లో ఎవరి మీదా లేని కుళ్లు ఆయనకు కట్టుకున్న పెళ్లాం మీద పుట్టింది. అదే నాకిప్పటికీ అర్థం కాదు.

ఎనభై అయిదో ఆరో, గుంటూరు వెళ్లినప్పుడు అక్కడెవరో స్క్రీన్ ప్రింటింగ్ చేస్తుంటే చూసి, ఐజాకన్న కూడా సామాను కొనుక్కొచ్చాడు. చెక్క చట్రానికి సన్నటి గుడ్డ బిగిస్తారు. గాజులా అవతలిది కనపడే రేకు ఒకటి ఉంటుంది, దాని మీద పల్చటి రంగు పొర. బొమ్మ గీసిన కాగితం మీద ఆ రేకును పరిచి, బొమ్మ గీతల వెంట బ్లేడుతో పై పొరను మాత్రం కోసి ఒలిచెయ్యాలి. తర్వాత దాన్ని గుడ్డకు అంటిస్తే, ఒలిచిన చోట రంగు దిగుతుంది, ఒలవని చోట దిగదు. కిటుకంతా చేతి బరువులో ఉంది. పై పొర తెగాలి, కింది రేకు తెగకూడదు. గోడల మీద బారెడు బారెడు అక్షరాలు రాసిన చెయ్యి ఐజాకన్నది. బ్లేడు పట్టగానే కింది రేకు కూడా తెగి కూర్చునేది. విసుగెత్తి ఒకరోజు రేకునూ బ్లేడునూ కలిపి విసిరి కొట్టాడు.

క్యారేజీ తెచ్చిన ఆయన భార్య హన్నమ్మక్క వాటిని ఏరింది. ఏటా క్రిస్మస్‌కు చర్చిలో కట్టే రంగు కాగితాల నక్షత్రాలు, జాలరు తోరణాలు కత్తిరించేది ఆవిడే. కింద కూర్చుని, ఊపిరి బిగబట్టి, రేకు మీద బ్లేడును ఊరికే నడిపించింది. పొర లేచి వచ్చింది, రేకుకు గీత కూడా పడలేదు. అంచు ఎక్కడా చెదరలేదు. నేను చూస్తూనే ఉన్నాను. ఐజాకన్న కూడా చూశాడు. ఆ పూట క్యారేజీ విప్పలేదు.

అప్పటి నుంచి కోత పని హన్నమ్మక్కదే అయింది. జిన్నింగు మిల్లు గుర్తులు, సంచుల మీది బొమ్మలు, పెళ్లి కార్డుల అంచులు, అన్నీ. చివరకు కుడిచేతి మూలన ఆయన పేరు కూడా. అక్కడే తగులుకుంది. ఆవిడ కోసిన ‘ఐజాక్ ఆర్ట్స్’ ఆయన రాసిన దానికంటే బాగుండేది. తోక మెలి దగ్గర ఆయన కుంచె కాస్త తడబడుతుంది, ఆవిడ బ్లేడు తడబడదు. తన పేరు తనకంటే పెళ్లాం బాగా రాస్తే మగాడు ఏం కావాలి?

ఏమయ్యాడంటే, ఆవిడ కోసిన ప్రతి రేకునూ ట్యూబులైటుకు ఎత్తిపట్టి, తప్పు దొరుకుతుందేమోనని వెతికేవాడు. దొరక్కపోతే ముఖం మాడ్చుకునేవాడు. బేరగాళ్లు వచ్చే వేళకు ఆవిడను ఏదో ఒక పని మీద ఇంటికి తోలేవాడు. “ఈ అంచులు ఎవరు కోశారయ్యా?” అని ఎవరన్నా అడిగితే, కూరగాయలు తరిగే చెయ్యికి ఇదొక లెక్కా అని నవ్వేసేవాడు. ఇనప రేకు ఇవతల కుట్టుమిషన్ మీద కూర్చున్న నాకు ఒళ్లు మండేది.

అలాంటి రోజుల్లో మస్తాన్‌రావు గారు వచ్చాడు. గురజాల రోడ్డులో కారం మిల్లు పెట్టినాయన. అప్పటిదాకా కారం కాగితం పొట్లాల్లోనే అమ్మేవాళ్లు. ఈయన ప్లాస్టిక్ కవర్లలో అమ్మాలనుకున్నాడు. కవరు అద్దంలా ఉండాలి, లోపలి కారం ఎర్రగా మెరుస్తూ కనపడాలి, దాని మీద మిరపకాయల గుత్తి, ‘పల్నాడు కారం’ అని పేరు. బొమ్మ వెనక కాగితం గానీ పట్టీ గానీ ఉండకూడదు. తిరునాళ్లలో కొట్టు పెట్టి అమ్మకం మొదలెడతాడట. ఐజాకన్న పేరు కూడా కవరు మూలన వేసుకోమన్నాడు. మాచర్ల నుంచి గుంటూరు దాకా ప్రతి కొట్లో తన పేరు వేలాడుతుంది. ఐజాకన్నకు ఇంకేం కావాలి?

ఒకటే కావాలి. అందులో హన్నమ్మక్క చెయ్యి ఉండకూడదు. ఆ మాట పైకి అనలేదు గానీ, బ్లేళ్ల డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఎర్ర మిరపకాయల గుత్తి, పచ్చ తొడిమలు, ఎర్ర అక్షరాలు, మూలన ఎర్రగా తన పేరు, అన్నీ తనే గీశాడు, తనే కోశాడు. వేళ్లకు గుడ్డలు చుట్టుకుని తిరిగాడు. అంచులు అక్కడక్కడా పళ్లు పళ్లుగా వచ్చినా బొమ్మ మాత్రం నిండుగా ఉంది. అచ్చు వేసిన నమూనాలు కొన్ని తీసుకెళ్లి, ఒకటి ఇంట్లో అద్దం పక్కన సున్నపు గోడకు తగిలించాడు. తెల్లగోడ మీద మిరపకాయలు నిగనిగలాడాయి. మస్తాన్‌రావు గారు కూడా తెల్లకాగితం మీద పెట్టి చూసుకుని, ఇక కానివ్వమన్నాడు. ఐజాకన్న ఈల వేసుకుంటూ తిరిగాడు. భార్యను ఇంత చిన్నచూపు చూసి అంత ఆనందంగా ఉన్న మనిషిని నేను చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నం హన్నమ్మక్క నన్ను ఇంటికి పిలిచింది. నమూనా కవరు ఒకటి నా చేతిలో పెట్టింది. ఆడమనిషి గనక కవరు చూడగానే అందులో కారం పోసి చూసింది, అంతే. కారం నిండగానే మిరపకాయలు మాయం, అక్షరాలు మాయం, ఐజాక్ ఆర్ట్స్ మాయం. ఎరుపులో ఎరుపు కలిసిపోయింది. నాలుగు పచ్చ తొడిమలు మాత్రం గాల్లో వేలాడుతున్నాయి. నాకు నవ్వొచ్చింది. ఆవిడకు రాలేదు.

“నేను చెప్తే కావాలని వంక పెట్టా అనుకుంటాడే జుబేదా,” అంది.

చెప్పకుండా, అన్నం పెట్టి పళ్లెం పక్కన కవరు నిలబెట్టింది. ఐజాకన్న ముద్ద కలుపుతూ చూశాడు. చెయ్యి అలాగే ఆగిపోయింది. తప్పు తెలిసినందుకు కాదు, తెలిపింది ఎవరో చూసి ఆయన ముఖం నల్లబడింది.

“నీకు ముందే తెలుసు గదా?” అన్నాడు. “చెడిపోయేదాకా చూద్దామనుకున్నావు.”

“ఇయ్యాల పోసి చూశాను, ఇయ్యాలే చెప్పాను,” అంది హన్నమ్మక్క. “రంగన్నా మార్చు, అడుగున తెలుపన్నా వెయ్యి.”

రంగు మార్చడానికి లేదు. పసుపుపచ్చ మిరపకాయ వేస్తే ఎవరు కొంటారని మస్తాన్‌రావు గారు తిడతాడు. పని పోతే ఆయన నేరుగా విజయవాడ ప్రెస్సుకు వెళ్తాడు, ఆ తర్వాత ఊళ్లో ఏ మిల్లూ ఐజాకన్న మొహం చూడదు. మిగిలింది తెలుపే. ముందు బొమ్మ ఆకారంలో తెల్లరంగు అచ్చు వేసి, అది ఆరాక దాని మీద ఎరుపు వెయ్యాలి. తెల్లది ఎర్రదానికి చుట్టూ నూలుపోగంత ఎక్కువ ఉండాలి, ఎక్కడా తగ్గకూడదు. అది కొయ్యగల చెయ్యి ఆ ఇంట్లో ఒకటే ఉంది. ఐజాకన్న బీరువా తాళంచెవి తీసి గచ్చు మీద పడేశాడు. చేతికి ఇవ్వలేదు.

హన్నమ్మక్క కోసింది. మిరపకాయలకూ, తొడిమలకూ, అక్షరాలకూ, మూలన ఆయన పేరుకూ, ఆ తోకకు కూడా.

కారం నింపిన కవరు మస్తాన్‌రావు గారికి ఇచ్చిన రోజు నేను గుమ్మంలో కాజాలు కుడుతున్నాను. ఎరుపు మీద ఎరుపు ఎగిరి కనపడుతోంది. ఐజాకన్న కోసిన పళ్ల అంచులు ఎక్కడా తెలియడం లేదు. చుట్టూ సన్నటి తెల్లగీత, వాటినన్నిటినీ కడుపులో పెట్టుకుంది. మస్తాన్‌రావు గారు ఆ గీత మీద వేలు పెట్టి గుత్తి చుట్టూ తిప్పాడు.

“ఎరుపు సరేలే ఐజాకూ. ఈ తెల్లగీత ఉంది చూశావా, చానా పనితనం. దీంతోనే బొమ్మ లేచింది.” తర్వాత కవరు అటూ ఇటూ తిప్పాడు. “నీ పేరేదయ్యా? వేసుకోలేదా?”

“వేశానండీ,” అన్నాడు ఐజాకన్న. “కనపడదు.”

సాయంత్రం ఆయన టీ తాగడానికి వెళ్లినప్పుడు హన్నమ్మక్క నాకు తెలుపు వేసిన చట్రం చూపించింది. తను కోసిన పేరు మీద గోధుమరంగు కాగితం ముక్క గట్టిగా అంటించి ఉంది. తెలుపు ఆ ఒక్క చోటే దిగలేదు. ఆవిడ తెలుపు మీద తన పేరు నిలబడటం కన్నా, కారంలో కలిసిపోవడమే ఆయనకు నయమనిపించింది. ఇంత కుళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకుంటారో మనుషులు.

తిరునాళ్లయ్యాక ఒకనాడు హన్నమ్మక్క ఇంట్లోనే ఉన్నాను. కారం సీసాలో పోసుకుని ఖాళీ కవరు కడిగి దులిపింది. మూలన ఎర్రగా, తోకతో సహా, ఆయన పేరు బయటపడింది.

“అవతల పారెయ్యక్కా,” అన్నాను. “నీ తెలుపు వద్దన్నోడి పేరు నీకెందుకు?”

ఆవిడ అద్దం పక్కన, పాత నమూనా ఉన్న మేకుకే దాన్ని తగిలించింది. అప్పటి నుంచి రోజూ పొద్దున గడ్డం గీసుకునేటప్పుడు ఐజాకన్న దాని వంకే చూస్తాడట, పేరు భలే కనపడుతోందని మురుస్తాడట. కనపడదా మరి. ఆ గోడకు క్రిస్మస్ ముందు నిచ్చెనెక్కి సున్నం కొట్టింది హన్నమ్మక్కే. ఆ సంగతి ఆవిడ ఆయనకు గుర్తు చెయ్యలేదు, నన్నూ చెయ్యనివ్వలేదు.