ఎవరూ లేరని చెప్పాల్సిన మాట

కువైట్‌లోని అర్దియాలో ఒక అరబ్బుల ఇంట్లో ఆరేళ్లుగా వంట చేస్తోంది మస్తాన్ బీ. సంపాదనంతా రాయచోటిలో ఉన్న అక్క హమీదా బీకే పంపేది. తనకు పదేళ్లప్పుడు తల్లి పోతే, పెళ్లి మాట కూడా తలపెట్టకుండా బీడీలు చుట్టి ఆమెను పెంచింది ఆ అక్కే. అందుకే కువైట్ డబ్బుతో కట్టించిన రెండు గదుల ఇల్లు అక్క పేరునే రాయించింది. తనదీ అక్కదీ వేరన్న ఆలోచనే ఆమెకెప్పుడూ రాలేదు.

1984లో హమీదా బీకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. పక్కింటివాళ్లు మాత్రం ఎన్నాళ్లని చూస్తారు? కడపలో సర్కారు ఆశ్రమం ఒకటుంది. మంచం, మందులు, చూసే ఆయా అన్నీ ఉచితమే. కాకపోతే చేరే మనిషికి ఇల్లుండకూడదు, డబ్బు పంపే దిక్కుండకూడదు. సర్కారు దయకూ షరతులుంటాయి మరి.

మస్తాన్ బీ పనిచేసే ఇంటి డ్రైవర్ బాబ్జాన్‌ది కూడా రాయచోటే. ఉపాయం అతనే చెప్పాడు.

"ఇల్లు మీ చిన్నాయన కొడుకు రహీమ్ పేరుకు మార్పిద్దాం ఆపా. డ్రాఫ్టులు ఆపెయ్. ఆఫీసరొచ్చి అడిగితే నాకెవరూ లేరని హమీదా ఆపాను చెప్పమను. అంతే, ఖలాస్."

ఇల్లు వదులుకోవడానికి మస్తాన్ బీ క్షణం కూడా వెనకాడలేదు. అక్కకు పంపే క్యాసెట్‌లో ఆ చివరి మాట చెప్పేటప్పుడు మాత్రం రెండుసార్లు టేపు ఆపింది. "ఒట్టి మాటే గదక్కా, చెప్పేసెయ్" అని ముగించింది.

రెండు నెలలకు, ఊరి నుంచి వచ్చినవాళ్ల చేత జవాబు క్యాసెట్ అందింది. వాళ్లు మామా అని పిలిచే ఇంటి యజమానురాలు కునుకు తీస్తున్న వేళ వంటింట్లో పెట్టుకుని విన్నారు ఆమే బాబ్జానూ.

"మస్తానీ, ఇల్లు రాసిచ్చేసినా. మొన్న ఆఫీసరొచ్చినాడు. ఇల్లుండాదా అన్న్యాడు, ల్యేదన్న్యా. నీకెవరన్నా ఉండారా అన్న్యాడు..." టేపులో ఒక కోడి కూసింది. "నువ్వు చెప్పమన్నట్టే చెప్పాలనుకున్న్యా మే. నోరు రాల్యా. కువైట్లో నా బిడ్డుండాది సార్ అని చెప్పేసినా. ఆయప్ప కాగితాలు మడుచుకోని పోయినాడు. నన్ను తిట్టుకోవాకు."

బాబ్జాన్ తల పట్టుకున్నాడు. "ఇల్లూ పాయ, ఆశ్రమమూ పాయ! ఇప్పుడెట్ల ఆపా?"

మస్తాన్ బీకి ఆ మాటలు చెవికెక్కలేదు. అక్క ఆమెను ఎన్నడూ బిడ్డా అని పిలవలేదు. టేపు వెనక్కి తిప్పి ఆ ముక్కే మళ్లీ విన్నది, కళ్లు తుడుచుకుంటూ మళ్లీ విన్నది. రహీమ్ ఇల్లు తిరిగిస్తాడో లేదో తర్వాత చూసుకోవచ్చు.

మామా లేవగానే టీ తీసుకెళ్లి ఆమె ముందు పెట్టి, వచ్చీరాని అరబ్బీలో అడిగింది.

"మామా, నా పాస్‌పోర్టు ఇవ్వండి. ఊళ్లో మా అమ్మకు బాగాలేదు."