చెప్పకుండా తీసిన మంత్రి

నాకు ఓపిక తక్కువ. ఈ సంగతి మా అత్తయ్యగారు పెళ్ళయిన మూడో రోజునే కనిపెట్టారు. నా దగ్గర జాకెట్లు కుట్టించుకునేవాళ్ళు మొదటి జాకెట్టుకే కనిపెట్టారు. అలాంటి మనిషి చదరంగం బల్ల ముందు గంటసేపు కదలకుండా కూర్చుంటుందంటే మా పుట్టింటివాళ్ళు ఇప్పటికీ నమ్మరు. నాకు ఆట నేర్పింది మా మావయ్యగారు. మా ఆయన పనికని మస్కట్ వెళ్ళిన ఏడాది నేను మిషను ముందు కూర్చుని కుట్టకుండా గోడకేసి చూస్తుంటే, "ఇలా వచ్చి కూర్చోమ్మా, గుర్రం ఎలా గెంతుద్దో చూపిస్తాను" అని అరుగు మీదికి పిలిచారు. అది తొమ్మిదేళ్ళ కిందటి మాట. అప్పట్నుంచీ సాయంత్రం నాలుగింటికి టీ తాగి ఒక ఆట ఆడడం మా ఇద్దరికీ అలవాటైపోయింది.

మా ఇల్లు కొత్తపేట దగ్గర కాలవ గట్టు మీద. మావయ్యగారు రిటైరయ్యేదాకా ఆ కాలవ లాకుల దగ్గర లస్కరుగా చేశారు. తలుపులు ఎత్తి నీళ్ళు వదలడం, దించి కట్టడం ఆయన పని. మాటలో ఎంత నెమ్మదో ఆటలోనూ అంతే నెమ్మది. ఆ ఆటలో ఆయనకొక పద్ధతి ఉంది. ఎదుటివాళ్ళ రాజుకి చెక్ చెప్పినట్టే మంత్రికీ చెప్పాలి. ఏనుగు మీదికొచ్చినా చెప్పాలి. "మంత్రి జాగ్రత్తమ్మా, చూసుకో" అంటారు. మనం చూసుకుని పక్కకి తప్పించుకునేదాకా ఆగుతారు. నేనూ అలాగే నేర్చుకున్నాను. "మావయ్యగారూ, మీ మంత్రండీ" అంటే "ఆయ్, చూసేనమ్మా" అనేవారు. చెప్పకుండా ఒక పావుని తీసుకోవడం ఆ అరుగు మీద ఎప్పుడూ జరగలేదు.

రెండు మూడేళ్ళుగా ఎక్కువ ఆటలు నేనే గెలుస్తున్నాను. పొగరెక్కింది, ఎందుకు దాచాలి? అమలాపురంలో ఒక కల్యాణమండపంలో చెస్ పోటీ పెడుతున్నారని తెలిసి పేరిచ్చేశాను. దసరా సెలవులు. జాకెట్ల కోసం జనం నా ప్రాణం తోడేస్తున్నా లెక్కచేయకుండా ఇస్త్రీ చీర కట్టుకుని బస్సెక్కాను.

మొదటి ఆట రావులపాలెం నుంచి వచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగితో. మర్యాదస్తుడే, కుర్చీ కూడా లాగి చూపించాడు. ఆట మధ్యలో ఆయన మంత్రి నా గుర్రానికి దొరికింది. నా నోరు ఊరుకుంటుందా? "మంత్రండీ, చూసుకోండి" అన్నాను. ఆయన ఒక క్షణం నా మొహంలోకి చూసి, మంత్రిని పక్క గడిలోకి తప్పించుకున్నాడు. పోటీ నడిపించే ఆయన గబగబా వచ్చి, "మాట్లాడకూడదండీ, ఇక్కడ చెక్ కూడా చెప్పక్కర్లేదు" అన్నారు. సరేనన్నాను. ఇంకో పది ఎత్తులు అయ్యాయో లేదో, ఆ బ్యాంకు ఆయన చెయ్యి చాపి నా మంత్రిని తీసి తన పక్కన పెట్టుకున్నాడు.

"అదేంటండీ, చెప్పలేదే?" అన్నాను.

"ఏం చెప్పాలండీ?" అన్నాడు ఆయన. నిజంగానే అర్థం కాలేదు పాపం.

పక్క బల్లల వాళ్ళు నవ్వారు. అక్కడితో అయిపోలేదు. అయిదు ఆటలు ఆడాను, అయిదూ ఓడిపోయాను. సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పులిహోర పొట్లం ఒళ్ళో పెట్టుకుని, నన్ను నేను తిట్టుకుంటూ ఇంటికొచ్చాను. "ఎలా ఆడేవమ్మా?" అని మావయ్యగారు అడిగితే, "తలనొప్పిగా ఉందండీ" అని లోపలికి వెళ్ళిపోయాను.

ఓడిపోతే ఏమైంది, ఎవరికి కావాలి అని మా ఆయన ఫోనులో అన్నాడు. ఆయనకేం తెలుసు? ఈ ఊళ్ళో నేను ఫలానా ఆయన భార్యని, లస్కరుగారి కోడల్ని, పిన్నులు పెట్టి జాకెట్లు బిగించే ఆవిణ్ణి. చదరంగం ఒక్కటే నాది, నాకు వచ్చు అనుకుంటూ తొమ్మిదేళ్ళు బతికాను. అది కూడా ఉత్తిదేనా? ప్రైజులూ వద్దు, కప్పులూ వద్దు. వేసవి సెలవుల్లో మళ్ళీ పోటీ పెడతామన్నారు. అందులో ఒక్క ఆట గెలవాలి. అరుగు మీద కాకుండా బయట, నన్ను ఎరగని మనిషి మీద, ఒకే ఒక్క ఆట.

ఇక మనసు నిలవదే. మొదట అందరూ చేసే పనే చేశాను. ఆట ఎలా మొదలుపెట్టాలో చెప్పే వీడియోలు ఫోనులో పెట్టుకుని, మిషను తొక్కుతూ చూశాను. కుడిచేతిని ఎడమవైపు అతికించి ఒక పెళ్ళికూతురి జాకెట్టు పాడుచేశాను. రెండు నెలలు అలా గడిచాక అనుమానం వచ్చింది. నేను మొదట్లో ఓడిపోలేదు కదా, మధ్యలో కదా ఓడిపోయాను? ఆ రోజు ఆడిన అయిదు ఆటల ఎత్తులూ నా కొలతల పుస్తకంలోనే, చివరి పేజీల్లో రాసుకున్నాను. అవమానంగా ఉండి మళ్ళీ ఆ పేజీ తిప్పలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు తిప్పాను.

బల్ల వేసుకుని ఒక్కొక్క ఎత్తూ మళ్ళీ ఆడాను. ఎక్కడ ఆట చెడిందో అక్కడ బట్టల మీద గీసే సుద్దతో పేజీ మీద అడ్డగీత గీశాను. మొదటి ఆటలో మంత్రి పోయింది. రెండో దానిలో ఏనుగు. మూడో దానిలో మళ్ళీ మంత్రి. ప్రతిసారీ ఎదుటివాడు ముందు ఎత్తులో దాని మీదికి వచ్చాడు, కళ్ళెదురుగానే వచ్చాడు. నేను చూడలేదు. నా పాటికి నేను అవతలివాడి రాజు మీదికి దూసుకుపోతున్నాను. అయిదు ఆటల్లోనూ ఒకటే తప్పు. కుట్టు ఒకచోట తెగిపోతుంటే బట్ట మార్చి ఏం లాభం, దారాన్ని చూసుకోవాలి గానీ.

అప్పుడు అర్థమైంది. తొమ్మిదేళ్ళలో నేను ఎదుటివాడి ఎత్తు ఒక్కసారి కూడా చూడలేదు. నా బదులు మావయ్యగారే చూసిపెట్టారు. ఆయన నోరు విప్పితే చూడడం, విప్పకపోతే ఏమీ లేదనుకోవడం. కోపం నషాళానికెక్కింది. ఆయన మీదా, నా మీదా అని అడక్కండి, ఇద్దరి మీదా.

ఆ సాయంత్రం పావులు పేర్చకముందే అన్నాను. "ఇకమీదట నాకు చెప్పకండి మావయ్యగారూ."

"ఏం చెప్పకూడదమ్మా?"

"మంత్రి మీదికి వచ్చేనని. ఏనుగు మీదికి వచ్చేనని. ఊరుకోండి, నేనే చూసుకుంటాను. చూసుకోకపోతే తీసేయండి."

"చెప్పకుండా ఎలా తీస్తామమ్మా? బాగోదు."

"అమలాపురంలో అందరూ తీసేరండీ."

ఆయన "ఆయ్, సరే" అన్నారు. నోటితో చెప్పడం మానేశారు గానీ, నా మంత్రికి ప్రమాదం వచ్చినప్పుడల్లా దగ్గడం మొదలుపెట్టారు. దగ్గొద్దంటే కళ్ళజోడు తుడిచారు. కళ్ళజోడు ముట్టుకోకండి అంటే, "అత్తయ్యగారికి టీ కావాలేమో కనుక్కోమ్మా" అని నన్ను లోపలికి పంపించి, తిరిగొచ్చేసరికి తన పావుని వెనక్కి జరిపేసి కూర్చున్నారు. నవ్వొచ్చినా నవ్వలేదు. పోటీకి ఇంకా మూడు నెలలే ఉంది. కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాను, ఈయన చూస్తే నన్ను చంటిపిల్లని చేసి ఆడిస్తున్నారు.

అందుకే ఒకరోజు ఆ పని చేశాను. ఆయన మంత్రి నా ఏనుగుకి ఎదురుగా, అడ్డం లేకుండా నిలబడింది. ఆయన చూసుకోలేదు. ఏదో బంటుని కదిపి, ప్రమాదముంటే నేను చెబుతాననే నమ్మకంతో నిశ్చింతగా వెనక్కి వాలారు. నేను చెయ్యి చాపి మంత్రిని తీసేశాను.

ఆయన బల్లకేసి చూశారు. నాకేసి చూశారు. "తీసేసేవా?" అన్నారు.

"తీసేనండీ."

కండువా భుజాన వేసుకుని లేచి గట్టు మీదికి వెళ్ళిపోయారు. మర్నాడు నాలుగింటికి టీ తాగి లోపల పడుకున్నారు. ఆ మర్నాడూ అంతే. ఒక మంత్రి పోయిందని పెద్దమనిషికి ఇంత పంతమా అని నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మాటే అత్తయ్యగారితో అన్నాను. ఆవిడ పెరట్లో కూర్చుని పనసపొట్టు కొడుతున్నారు. కత్తి ఆపారు.

"ఓడిపోయినందుకు కాదమ్మా. ఆయన సంగతి నీకు తెలీదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, రైతులు నీళ్ళు నీళ్ళని నెత్తిమీద కూర్చుంటే, కేకెయ్యకుండా తలుపెత్తేసేరు. కింద ఒకాయన ఎడ్లని కడుగుతున్నాడు. ఆ మనిషి గట్టున ఉన్న తుప్పని పట్టుకుని బతికేడు. ఎడ్లు కొట్టుకుపోయేయి. ఒకటి దొరికింది, ఒకటి దొరకలేదు. ఆ ఎడ్లాయన మన వీధరుగు మీదే కూర్చుని ఏడ్చేడు. అప్పట్నుంచి మీ మావయ్యగారు మూడుసార్లు కేకేసి, ఆగి, అప్పుడు గాని తలుపెత్తేవారు కాదు. వానలో, కాకి కూడా లేనప్పుడు కూడా అంతే. ఎవరున్నారని ఆ కేకలు అని అందరూ నవ్వేవారు."

మళ్ళీ కత్తి అందుకున్నారు. నేను అక్కడే నిలబడ్డాను. సిగ్గేసింది. కానీ నిజం చెప్పాలి కదా, ఆ సిగ్గులో కూడా పోటీ సంగతి మర్చిపోలేదు. వెళ్ళి ఆయన మంచం పక్కన నిలబడ్డాను.

"తప్పయిపోయిందండీ. ఆడదాం రండి."

"చెప్పొచ్చా మరి?" అన్నారు లేచి కూర్చుని.

చెప్పండి అంటే పోటీ పోతుంది. వద్దంటే ఈయన ఇక బల్ల ముందుకి రారు. చివరికి, "చెబితే నేను గెలవలేనండీ" అన్నాను.

"నా వల్ల కాదమ్మా. నువ్వు ఆ ఫోన్లో ఆడుకో" అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

ఫోన్లోనే ఆడాను. ప్రతి ఆటా పుస్తకంలో రాసి, సుద్దగీత ఎక్కడ పడిందో చూసుకున్నాను. ప్రతి ఎత్తుకీ ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని, 'వీడు ఎందుకొచ్చాడు ఇక్కడికి?' అని నన్ను నేను అడగడం నేర్చుకున్నాను. నాలాంటిదానికి అది ఎంత కష్టమో చెప్పలేను. చేతులు ఊరుకోవు, దురద పెట్టినట్టుంటుంది. నాలుగింటికి టీ ఇచ్చి నేను మిషను దగ్గరికి, ఆయన గట్టు మీదికి. ఖాళీ అరుగు చూస్తే ఏదీ తోచేది కాదు. అరుగుని తిట్టుకుంటూ కుట్టేదాన్ని.

వేసవిలో కాలవ కట్టేశారు. పోటీ రోజున బస్సులో వెళ్తుంటే దారి పొడుగునా బురద, అందులో కొంగలు. మొదటి రెండు ఆటలూ ఓడిపోయాను. మూడోది ఆలమూరు నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ మాస్టారితో. ఇరవయ్యో ఎత్తు దాటాక ఆయన మంత్రిని తెచ్చి నా శకటు దారిలో పెట్టారు. నేను చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. నాలిక చివర మాట ఉంది. పళ్ళు బిగించాను. తీసేశాను. ఆయన "అయ్యో" అన్నారు, అంతే. ఇంకో ఆరు ఎత్తులకి ఓటమి ఒప్పుకుని చెయ్యి చాపి, "బాగా ఆడేవమ్మా" అన్నారు.

మిగిలిన రెండు ఆటలూ పోయాయి. పోతే పోనీ. బస్సు దిగి ఇంటికి దాదాపు పరుగెత్తాను. మావయ్యగారు అరుగు మీదే ఉన్నారు, ఎదురుచూస్తున్నట్టు.

"ఒకటి గెలిచేనండీ" అన్నాను.

ఆయన మొహం వెలిగింది. ఎవరితో, ఎలా, అన్నీ అడిగారు. బల్ల తెప్పించి ఆట మొత్తం వేయించుకుని చూశారు. మాస్టారి మంత్రి దగ్గరికొచ్చేసరికి చెయ్యెత్తి నన్ను ఆపారు.

"ముందు చెప్పేవా?"

"లేదండీ."

ఎత్తిన చెయ్యి దించారు. తర్వాత పావులన్నీ మళ్ళీ మొదటినుంచి పేర్చడం మొదలుపెట్టారు. "ఇంక నువ్వే చూసుకుంటావుగా. ఆడు" అన్నారు.

రెండున్నర నెలల తర్వాత అరుగు మీద ఆట. ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. ఉన్న అలసటంతా పోయింది. అమలాపురంలో ఊపిరి బిగబట్టి చూసిన చూపంతా ఇక్కడ వదిలేసి, ఇష్టమొచ్చినట్టు ఆయన రాజు మీదికి వెళ్తున్నాను. ఇంట్లోనే కదా, మావయ్యగారే కదా. ఆయన దగ్గలేదు. కళ్ళజోడు ముట్టుకోలేదు. చెయ్యి చాపి, మధ్యలో ఒకసారి ఆపి, నా మంత్రిని తీసి తన మోకాలి పక్కన పెట్టుకున్నారు. నా మొహంలోకి చూడలేదు.

నేను అడిగిందే ఆయన చేశారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ ఇంటికి వచ్చినప్పట్నుంచీ నా కోసం నాకంటే ముందు చూసిన మనిషి ఆయనొక్కరే. వద్దన్నది నేనే. 'మళ్ళీ చెప్పండి మావయ్యగారూ' అని అడగాలనిపించింది. ఏ మొహం పెట్టుకుని అడగను?

"నీ ఎత్తేనమ్మా" అన్నారు ఆయన.