అత్తగారు చెప్పని మింగలాబా

మొన్న కంటి డాక్టరు దగ్గరికని గోపన్‌పల్లి నుంచి క్యాబులో బయలుదేరితే, మాదాపూర్ చేరేసరికి పోలీసులు దారి ఆపేశారు. ఎవరో బయటి దేశం పెద్దలట, మన అద్దాల మేడలు చూసిపోవడానికి వచ్చారట. డ్రైవరు కాసేపు హారను మోగించి, లాభం లేదని తెలుసుకుని, “ఇగ గంటసేపు గిట్లనే మేడం, ఫికర్ చెయ్యకుండ్రి” అని సీటు వెనక్కి వాల్చి ఫోను తీశాడు. పక్కనే ఓ ఆఫీసు గుమ్మంలో పట్టుచీరలు కట్టుకున్న ఆడపిల్లలు పూలపళ్ళేలు పట్టుకుని వరసగా నిలబడి, వస్తున్నది ఎవరో తెలియకపోయినా ముందుగానే నవ్వుతున్నారు. డాక్టరు చుక్కలు వేయకముందే నా కళ్ళు తడిశాయి. మా అత్తగారు గుర్తొచ్చారు.

ఇప్పటి మాదాపూర్ చూసేవాళ్ళకు చెబితే నమ్మరు గానీ నా ఈడువాళ్ళకు చెప్పక్కర్లేదు, తొంభైల చివర్లో అక్కడ మేడలకంటే బండలే ఎక్కువ. ఎవరో ఒకదానిమీద ఒకటి పేర్చి మరిచిపోయినట్టుండే ఆ బండల మధ్య కొత్తగా లేచిన గుండ్రటి మేడను చూడటానికి ఆదివారాలు జనం టిఫిను డబ్బాలతో సహా వచ్చేవారు. మా ఆఫీసు దానికి కాస్త ఎడంగా ఓ చిన్న ఇంట్లో ఉండేది. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తలకిందులైపోతాయని లోకమంతా పరేషాన్ అవుతుంటే, ఆ భయమే మాకు అన్నం పెట్టేది. వచ్చేపోయేవాళ్ళను పలకరించి కూర్చోబెట్టే ముందుగది ఉద్యోగం నాది. చందానగర్‌లో కిరాయి ఇల్లు, పగలూ రాత్రీ ముంబై హైవే మీద లారీల మోత. పొద్దున్నే మావారి స్కూటరు వెనక కూర్చుని ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వస్తుంటే కొండాపూర్ దాటాక సీతాఫలం పొదల మీంచి ఓ గాలి వచ్చేది చూడండీ, దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. ఇప్పుడు అక్కడే ఏసీ గదిలో కూర్చుని గాలి బాగాలేదని చెప్పే యంత్రాలు కొనుక్కుంటున్నాం, మన తెలివి తెల్లారినట్టే ఉంది!

అత్తగారి సంగతి కదా చెప్పబోయాను. ఆవిడ పుట్టి పెరిగింది రంగూన్‌లో. అక్కడ మనవాళ్ళను కోరంగివాళ్ళనేవారట. బియ్యం మిల్లులో గుమాస్తాగిరీ చేసే మామగారిని కట్టుకుని, మావారిని కన్న ఏడాదికే, సైన్యం గద్దెనెక్కిన ఆ రోజుల్లో, ఉన్నదంతా వదిలేసి విశాఖ ఓడ ఎక్కారు. ఎక్కేముందు రేవులో తనిఖీ బల్ల దగ్గర ఓ అధికారి నవ్వుతూ ఆవిడ మెడలోని మంగళసూత్రాన్ని కూడా తీసి బల్ల మీద పెట్టమన్నాడట. బంగారం దేశం దాటకూడదని వాళ్ళ చట్టం. ఓడలోనే పసుపుకొమ్ము కట్టిన తాడు వేసుకున్నారు. ఆ తర్వాత మామగారు ఎంత బతిమాలినా, ఆయన ఉన్నంతకాలం ఆ పసుపుతాడే తప్ప బంగారం మెడలో వేయలేదు. మొండిఘటం అంటే అలా ఉండాలి!

ఓడ ఎక్కనివాడు ఆవిడ తమ్ముడొక్కడే. ఆ ఊరిపిల్లను ప్రేమించి పెళ్ళి చేసుకుని, బళ్ళో పాఠాలు చెప్పుకుంటూ అక్కడే ఉండిపోయాడు. మొదట్లో ఏటా ఉత్తరాలు వచ్చేవట. నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో అక్కడ కాలేజీ పిల్లలు ప్రభుత్వాన్ని ఎదిరించి వీధుల్లోకి వచ్చి, సైన్యం తుపాకులు పేల్చినప్పుడు, పిల్లల పక్షాన నాలుగు మాటలు మాట్లాడాడని ఆయన్ను ఇంటికొచ్చి పట్టుకెళ్ళారని కలకత్తా మీదుగా వచ్చిన ఎవరో చెప్పారు. బతికున్నాడో లేదో అంతకుమించి కబురు లేదు. ఆదివారాలు కొబ్బరిపాలు పోసి రంగూన్ పద్ధతిలో నూడిల్స్ వండినప్పుడల్లా, ‘కావుసే’ అనేవారు దాన్ని, మొదటి గిన్నె విడిగా తీసి మూతపెట్టేవారు. అదెవరికని ఇంట్లో ఎవరమూ అడిగేవాళ్ళం కాదు.

ఆ కావుసేయే కొంప ముంచింది. ఓసారి క్యారియరులో ఆఫీసుకు పట్టుకెళితే మా పెద్దసారు లొట్టలేసుకుంటూ తిని, ఎక్కడిదమ్మా ఈ వంట అన్నారు. నేనేమో గొప్పకు పోయి మా అత్తగారికి బర్మా భాష కూడా వచ్చునని చాటింపు వేశాను. కొన్నాళ్ళకు అక్కడి సైనిక ప్రభుత్వం తరఫున కొందరు పెద్దలు మన కంప్యూటర్ల వైభవం చూడటానికి వస్తున్నారనీ, వాళ్ళు అడుగుపెట్టే చోట్లలో మా ఆఫీసూ ఉందనీ తెలిసింది. పెద్దసారు ఆపిల్ పళ్ళ బుట్టతో మా చందానగర్ ఇంటి మెట్లెక్కారు. అత్తగారు వచ్చి వాళ్ళ భాషలో రెండు మంచి మాటలు చెబితే చాలన్నారు. మావారు ఊరుకోకుండా మేనమామ సంగతి ఎత్తేసరికి ఆయన ఇంకా ఉత్సాహపడ్డారు. ఆ పెద్దల్లో మాటకు విలువున్నవాడు ఉన్నాడనీ, ప్రేమగా పలకరించి అడిగితే ఆచూకీ చెప్పించకపోడనీ, నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందనీ అన్నారు. అత్తగారు పళ్ళబుట్టను కాస్త పక్కకు జరిపి, ఆయనకు టీ పెట్టడానికి లేచారు.

‘మింగలాబా’ అని వాళ్ళ పలకరింపు ఒకటుంది. బళ్ళో పిల్లలు లేచి నిలబడి పంతులమ్మకు చెప్పే మాట. మన మంగళమే ఓడెక్కి వెళ్ళి అలా అయిందని అత్తగారు చెప్పేవారు. దాన్ని తెలుగు అక్షరాల్లో గుడ్డ మీద రాయించమని పెద్దసారు నాకు పురమాయించారు. చందానగర్ బజార్లో బ్యానర్లు రాసే పెయింటరు కాగితం అటూ ఇటూ తిప్పి, “ఏంది మేడం, ఏం మింగాల బాబా?” అని ఒకటే నవ్వు. ఎంత చెప్పినా వినకుండా, చదువుకున్నవాళ్ళు తప్పు రాస్తే దిద్దడం తన ధర్మమనుకున్నాడో ఏమో, ఎర్రక్షరాలతో ‘మంగళం బాబా’ అని రాసిపెట్టాడు. మన దగ్గర మంగళం పాడటమంటే ఏమిటో మీకు తెలుసు కదా! గుడ్డ ఇంటికి తెచ్చి విప్పితే అత్తగారు కడుపు పట్టుకుని నవ్వారు. “సరిగ్గానే రాశాడే, వాళ్ళకు చెప్పాల్సింది అదే” అని నవ్వీ నవ్వీ, ఆ నవ్వులోంచే ఏడుపులోకి జారిపోయారు. ఆవిడ ఏడవగా చూడటం నాకదే మొదటిసారి. నేను గుడ్డ మడతపెట్టి అటక ఎక్కించాను.

ఇంట్లో వాదన మొదలైంది. మావారేమో, ‘అడగనిదే అమ్మైనా పెట్టదు’ అంటారు. మొహం తిప్పుకుంటే ఎవరికి లాభం, మాట్లాడుతూ పోతే వాళ్ళే మెత్తబడతారు, దేశాలు కూడా అలాగే చేస్తాయి, నువ్వు చేస్తే తప్పేమిటని గదమాయిస్తారు. మన పెద్దలు వాళ్ళకు తివాచీలు పరిచి పిలవడమే ఆవిడకు నచ్చలేదు. అలా పిలిచిన ప్రతిసారీ అక్కడ జైల్లో ఉన్నవాళ్ళు ఇంకో నాలుగేళ్ళు లోపలే ఉంటారని ఆవిడ లెక్క. “నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందా? నా తమ్ముడికంటే మంచి నోరు ఎవరికుందిరా? ఆ నోటికోసమే కదూ వాణ్ణి పట్టుకెళ్ళారు” అన్నారు ఓ సాయంత్రం. మావారు అంతటితో ఆగకుండా, మామయ్య బతికుంటే మాత్రం నీ పంతం వల్లే దొరకడు అనేశారు. ఆ మాట తగిలింది. అత్తగారు లేచి లోపలికి వెళ్ళి, పొద్దున్నే నాతో, వస్తాను, చీర ఇస్త్రీ చేయించు అన్నారు.

ఆ రోజు స్కూటరు మీద కాదు, పెద్దసారు పంపిన కారులో వెళ్ళాం. దారి పొడుగునా ఆవిడ పెదాలు కదుపుతూనే ఉన్నారు. తమ్ముడి పేరు, వాళ్ళ వీధి పేరు, బడి పేరు, ఆ భాషలో వరసగా చెప్పుకుంటున్నారని నాకు అర్థమైంది. ఇన్నేళ్ళకు కబురు తెలుస్తుందేమోనని ఆ మొహంలో ఎంత ఆశో! దేవుడా, ఒక్కసారి ఈవిడ మాట చెల్లించు అని నేను కనబడిన బండకల్లా దండం పెట్టుకున్నాను.

వాళ్ళు వచ్చారు. యూనిఫారాలు కాదు, కోట్లే. ముందున్న పెద్దాయన తలనెరిసినవాడు, చూడటానికి ఎవరింట్లోనో తాతగారిలా ఉన్నాడు. అత్తగారి సంగతి ముందే చెప్పారు కాబోలు, నేరుగా ఆవిడ దగ్గరికే వచ్చి, చేతులు జోడించి నవ్వుతూ మింగలాబా అన్నాడు. గదంతా ఆవిడ వంక చూస్తోంది. ఆవిడ చేతులు కాస్త లేచాయి. లేచి, మధ్యలో ఆగి, కిందికి దిగిపోయాయి. ఒక్క మాటా అనలేదు, పక్కకు తప్పుకుని మెట్లు దిగి బయటికి వెళ్ళిపోయారు. వెనకాల పెద్దసారు గట్టిగా నవ్వుతూ టీలు, బిస్కట్లు అని కేకలేయడం వినబడుతూనే ఉంది.

పరుగెత్తుకుంటూ వెళ్ళి చూస్తే ఎర్రటి ఎండలో ఓ బండకు ఆనుకుని నిలబడి ఉన్నారు. అడగండత్తయ్యా, ఒక్క మాట అడిగేద్దాం పదండి అని చేయి పట్టుకుని లాగాను. “అడగడానికే వచ్చానే. రేవులో వాడూ ఇలాగే నవ్వాడు. మంగళసూత్రం తీసుకున్న చేతులకు మంగళం ఎలా చెప్పనే? నా తమ్ముడు నాకు కావాలి గానీ, వీళ్ళు దయతలచి బిచ్చం వేస్తే కాదు” అన్నారు. అని, ఆ బండ మీదే కూలబడి తమ్ముణ్ణి పేరు పెట్టి పిలిచారు, ఎదురుగా ఉన్నట్టే. పక్కనే రాళ్ళు కొట్టేవాళ్ళలో ఒకావిడ సుత్తి పక్కన పడేసి సీసాతో నీళ్ళు తెచ్చి, “జర తాగు పెద్దమ్మా, ఎవలు పోయిన్రు?” అని అడిగింది. నేను సీసా అందుకుని అత్తగారి నోటికి ఆనించాను.

మావారు తల్లితో చాలాకాలం ముక్తసరిగానే మాట్లాడారు. ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయిందమ్మా అని పండగపూట కూడా దెప్పేవారు. పెద్దసారు మాత్రం మళ్ళీ నా క్యారియరు జోలికి రాలేదు. వచ్చినవాళ్ళు ఫొటోలు దిగి వెళ్ళారు, పేపర్లో పడింది, రెండు దేశాల స్నేహం గురించి మంచి మాటలు రాశారు. ఆ తర్వాత ఎవరెవరో వచ్చారు, ఎవరెవరో వెళ్ళారు. మేనమామ కబురు మాత్రం రాలేదు. అడిగి ఉంటే వచ్చేదా? ఆ ప్రశ్న మా ఇంట్లో ఏళ్ళ తరబడి నలిగింది. ఆవిడ పక్షమో మావారి పక్షమో నేను తేల్చుకోలేకపోయాను గానీ, లేచి ఆగిపోయిన ఆ చేతులు మళ్ళీ చూడాలని మాత్రం చాలాసార్లు అనిపిస్తుంది.

చివరి రోజుల్లో దవాఖానలో అత్తగారికి తెలుగు జారిపోయింది. మమ్మల్ని గుర్తుపట్టరు, పొద్దస్తమానం బర్మా భాషలోనే ఏదో చెబుతూ చేయి ఊపుతారు. నీళ్ళడుగుతున్నారో, నొప్పంటున్నారో! లోకంలో ఉన్న భాషలన్నీ మాట్లాడే ఈ ఐటీ ఊళ్ళో ఆ ఒక్క భాష తెలిసినవాళ్ళు మాకు దొరకలేదు. ఆఖరికి మావారే పాతబస్తీ అవతల గుడిసెల్లో తలదాచుకున్న బర్మా శరణార్థుల్లో ఒకాయన్ను వెతికి తీసుకొచ్చారు. ఆయనా ఆ ప్రభుత్వం తరిమితే వచ్చినవాడే. మంచం పక్కన కూర్చుని చాలాసేపు విని, కళ్ళు తుడుచుకుని, మావారికి ఉర్దూలో చెప్పాడు. తమ్ముడితో మాట్లాడుతోంది అమ్మ. ఎవరు పిలిచినా, ఎంత మంచిగా పిలిచినా, తలుపు తీయకురా అంటోంది.

మావారు ఆ వరండాలో గోడకు ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. అడిగి ఉండాల్సిందన్న మాట మళ్ళీ ఎప్పుడూ ఆయన నోట రాలేదు.

దారి వదిలాక డ్రైవరు బండి తీశాడు. ఈ రోడ్డు పొడుగునా ఇప్పుడన్నీ అద్దాల తలుపులే, మనిషి దగ్గరికి రాగానే ఎవరని అడగకుండా వాటంతటవే తెరుచుకుంటాయి. ఆ గుమ్మాల్లో ఎక్కడైనా ఒక్క మనిషి మా అత్తగారిలా పక్కకు తప్పుకుని నిలబడి ఉంటే బావుండునని, కళ్ళు సరిగా ఆనకపోయినా, కిటికీలోంచి వెతుక్కుంటూనే వెళ్ళాను.