రెండు తాళాలు, ఒక రాజ్యాంగం

మొన్న జనవరి జెండా పండగకు కోయిలకుంట్ల బడి మైకులో ఒక పాప "భారత ప్రజలమైన మేము" అని చదువుతుంటే, రోడ్డు పక్కన టీ తాగుతున్న నేను గ్లాసు దించేశాను. ఏడో తరగతిలోనే బడికీ నాకూ పరస్పర అంగీకారంతో విడాకులయ్యాయి కాబట్టి ఆ మాటలు బడిలో నేర్చినవి కావు. మా మేనమామ చెప్పినవి. ఆయన కడపలో ఒక వకీలు దగ్గర గుమాస్తా. అందరి మామలూ ఊరికొస్తే మిక్చరు పొట్లం తెచ్చేవాళ్ళు. మా మామ రాజ్యాంగ సభ చర్చల పుస్తకం తెచ్చేవాడు.

చాలా ఏళ్ళ కిందట ఒక ఎండాకాలం మా అన్నకూ నాకూ నీళ్ళ దగ్గర చెడింది. భూమి పంచుకున్నాం గానీ బోరు ఒకటే. కోపంలో అన్న మోటారు పెట్టెకు తాళం వేశాడు. నేనేమన్నా తక్కువా, దాని పక్కన ఇంకో తాళం వేశాను. నాలుగు రోజులకు ఇద్దరి చీనీ, అదే బత్తాయి, చెట్లూ ఆకు ముడిచి పిందె రాల్చసాగాయి. ఇంకొన్నాళ్ళయితే పదేళ్ళ తోట పొయ్యిలోకే.

మామ వచ్చి మోటారు షెడ్డు నీడలో మమ్మల్ని కూర్చోబెట్టి, నీళ్ళ మాట ఎత్తకుండా ఢిల్లీ మాట ఎత్తాడు. దేశం రెండు ముక్కలై బయట నెత్తురు పారుతుంటే, లోపల రాజ్యాంగ సభ వాళ్ళు మాటమాటకూ వాదించుకుంటూ మూడేళ్ళకు దగ్గరగా కూర్చున్నారట. సవరణలే వేలట. భాష దగ్గరయితే సభ చీలేంత పనయిందట.

"కడాకు ఏం జేసిరి? హిందీ అనిరి, అంకెలు మాత్రం లోకమంతా రాసేవే అనిరి, ఇంగిలీసు ఇంకా పదైదేండ్లు ఉండనీ అనిరి. ఎవురికీ పూరా దక్కల్యా. అయినా ఎవురూ లేసి పోల్యా. అదప్పా వాళ్ళ గొప్ప!" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు.

"మామా, మేమూ మూడేండ్లు కూచుంటే చెట్లు కట్టెలైతాయి" అన్నాను.

"అందుకే మీకు పొద్దు గూకేదాకా టయిమిస్తాండా."

అరిచాం, అలిగాం, చివరికి చెరో మెట్టు దిగాం. పగటి కరెంటు నాకు, రాత్రి కరెంటు అన్నకు, బదులుగా మొదటి తడి అన్న తోటకే. మామ రాశాడు. అన్న మహా ఉదారంగా సంతకం పెట్టబోతుంటే, మజ్జిగ తెచ్చిన వదిన కాగితం లాక్కుని చదివింది.

"ఏమయ్యా, రాత్రి కరెంటుకు లేసేది నువ్వా? గురక పెట్టేది నువ్వు, పాముల్లో నీళ్ళకు మడవ తిప్పేది నేను. నన్నెవురడిగినారు?"

మామ వదిన చేతిలోంచి కాగితం తీసుకున్నాడు. "ఆ సభలో ఆడోళ్ళు పదైదు మందన్నా ఉండ్రి. నేనీడ ఒక్కరినీ పిలవల్యా. తప్పు నాదేమ్మా, కూచో" అని కాగితం చించేశాడు.

వదిన చెప్పింది, ఆయన రాశాడు: రాత్రి వంతు వారం వారం మారాలి, ఎవరి వంతుకు వాళ్ళే, మగవాళ్ళే, చేలో ఉండాలి. అన్న ముఖం చూసి పగలబడి నవ్వాను. రెండో వారం నాదని తర్వాత తట్టింది. చీకటి పడకముందే రెండు తాళాలూ ఊడాయి.

మామ పోయి చాలా ఏళ్ళయింది. ఆ కాగితాన్ని ఆరుసార్లు దిద్దుకున్నాం, ఆరుసార్లూ వదినను ముందు కూర్చోబెట్టుకునే. అప్పటి కోపం గుర్తు తెచ్చుకుందామన్నా రావడం లేదు. ఒకరి మాట ఒకరం విన్న ఆ ఒక్క సాయంత్రం మాత్రం ఇన్నేళ్ళుగా రెండు తోటలకూ పారుతూనే ఉంది.