లచ్చిమమ్మ గడప దాటిన రోజు

మా వంటింట్లోకి పిల్లి దూరితే కుర్చీ ఎక్కి నిలబడే మనిషిని నేను. అలాంటిదాన్ని సింహాన్ని చూడ్డానికి బెజవాడలో రైలెక్కానంటే ఆ పుణ్యమంతా మా సులోచనదే. తిరుపతిలో చదువుకునే రోజుల్లో హాస్టల్లో మా ఇద్దరిదీ ఒకటే గది. నేను బ్యాంకులో చేరాను, తను పశువుల డాక్టరైంది. ధర్మవరం పట్టుచీరల వ్యాపారం చేసే ఇంటి పిల్ల, ఆ వ్యాపారమంతా అన్నదమ్ములకు వదిలేసి, కదిరి దగ్గరి తనకల్లు అవతల గుట్ట కింద వాళ్ల నాయన కొని పెట్టిన బీడులో దిక్కులేని జంతువులకు ఆశ్రయం కట్టింది. అటవీశాఖ వాళ్లు ఎక్కడైనా అక్రమంగా పెంచుతున్న జంతువుల్ని పట్టుకుంటే కొన్నిటిని ఇక్కడికి చేరుస్తారు. ఏళ్లుగా రమ్మంటోంది. ఏళ్లుగా నేను ఏదో ఒక వంక చెబుతున్నాను.

ఈసారి ఫోన్ చేసి, "లచ్చిమమ్మకు గృహప్రవేశం చేసి నెల దాటిందే. ఇంతవరకు గడప దాటి రాలే. నాకేం తోచకుండా ఉండాది, రొంత వచ్చి పోవే శారదా," అంది. గొంతు బాగా లేదు. ఎవరో కోడలు అలిగి కూర్చుంది కాబోలు, సర్దిచెప్పడం నాకు తెలిసిన పనే కదా అనుకుని, వస్తానని మాటిచ్చేశాను. పెట్టె సర్దుకునేటప్పుడు అనుమానం వచ్చి, లచ్చిమమ్మ మీకేమవుతుందని అడిగితే, "సింగమే" అని ఫోన్ పెట్టేసింది.

శుక్రవారం రాత్రి బండి. స్లీపర్లో కింది బెర్తు దొరికింది. పొద్దున తిరుపతిలో ఇడ్లీ, పాకాలలో టీ. పాకాల దాటాక కిటికీ బయట రంగు మారిపోతుంది. పచ్చదనం పల్చబడి, ఎర్రమట్టి, గుండ్రటి బండరాళ్లు, వేరుశెనగ పీకేసిన చేలు. పది కావస్తుండగా కదిరిలో దిగాను. బస్టాండు పక్కనే మరమరాల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టే హోటలు ఉంది. నా వెనకాల వెళ్లేవాళ్లకు ఒక మాట: రెండు ప్లేట్లు తినండి, మళ్లీ మధ్యాహ్నం దాకా ఏమీ దొరకదు. బజ్జీ కారం కళ్లల్లో నీళ్లు తెప్పించింది కానీ వదిలిపెట్టబుద్ధి కాలేదు.

తనకల్లుకు పల్లెవెలుగు బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్ కొట్టి ఇచ్చాడు. ఊరికే ప్రయాణం చేస్తున్నామంటే కిటికీ గాలి కూడా చల్లగా తగులుతుంది. పక్క సీట్లో నా వయసు ఆవిడ ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చుంది. గోరంట్లలో పెళ్లికి పోయి వస్తోందట. సంచిలోంచి ఉడకబెట్టిన శెనక్కాయలు దోసెడు తీసి నా కొంగులో పోసింది.

"యాడికి పోతాండావమ్మా?"

చెప్పాను.

"ఆ సింగాలమ్మ కాడికా! గట్టి మనిషిలే ఆయమ్మ. మా ఊరి జాతరకు ఒకపారి సర్కసోడు వచ్చినాడు, వానికీ ఒక సింగం ఉండె. సున్నంతో నేల మీద గీత గీసి బోను తలుపు తెరిసేటోడు. అది బయటికొచ్చి గీత కాడ కూచునేది. గీతకు ఈ పక్క మేము, ఆ పక్క అది."

"మధ్యలో కంచె లేకుండానా?"

"గీత ఉండాది గదమ్మా, కంచె యాల?"

శుద్ధ కోతలు అనుకున్నాను. శెనక్కాయలు తిన్నందుకు మర్యాదగా తలూపి, కిటికీలోంచి గుట్టలు చూస్తూ కూర్చున్నాను.

తనకల్లులో దిగితే ఆశ్రయం దాకా ఆటో. ముందుగా రాసి అనుమతి తీసుకోనిదే లోపలికి రానివ్వరు, సెల్ఫీలు కుదరవు, సెంటు పూసుకుని వస్తే వెనక్కి పంపుతారు. టోపీ తప్పనిసరి. నేను గొడుగు తీసుకెళ్లాను, గేటు దగ్గరే దాన్ని ఒక ఈము పక్షి లాక్కుంది, ఎలాగో విడిపించుకున్నాను. ఒకప్పుడు ఈము ఫారాలు పెట్టి నష్టపోయిన వాళ్లు రోడ్ల మీద వదిలేసిన పక్షులట. మనిషంత ఎత్తు, పెళ్లిలో పెద్దత్తగారి చూపు. లోపల రంగురంగుల మకావ్ చిలకలు, ఎవరో ఫ్లాటులో పెంచి విసుగొచ్చి పారేసిన, ఉడుముల్లాంటి ఇగువానాలు, ఉచ్చులో పడి ఒక పంజా పోగొట్టుకున్న చిరుత, ముసలి ఎలుగుబంటి ఉన్నాయి. చిలకల్లో ఒకటి కన్నడంలో తిట్టింది. సులోచన సిగ్గుపడి, అది వచ్చిన ఇల్లు అలాంటిదని చెప్పింది.

సులోచనతో పాటు వాళ్లమ్మ నరసమ్మగారూ అక్కడే ఉంటారు. డెబ్బై దాటినా నిటారుగా నడుస్తారు. ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి, బకెట్ల కొద్దీ కోడిమాంసం మోస్తారు. కదిరి నరసింహస్వామి ఆవిడ ఇలవేల్పు. అందుకని సింహం వచ్చిన రోజునే అది స్వామి వాళ్ల మనిషని తీర్మానించి, లచ్చిమమ్మ అని పేరు పెట్టారు. పెద్ద పిల్లిజాతి జంతువులకు వారంలో ఒకరోజు కడుపు ఖాళీగా ఉంచడం మంచిదని డాక్టర్లు చెబితే, ఆ రోజు శనివారమే కావాలని పట్టుబట్టింది కూడా ఆవిడే.

"ఈ పొద్దు శనివారం. దానికీ నాకూ ఉపాసం," అన్నారు నాతో. "నువ్వు తిను పాపా."

లచ్చిమమ్మను మొదటిసారి ఇనుప వల ఇవతలి నుంచి చూశాను. రెండడుగులు వెనక్కి వేశాను, ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు. ముసలిది. తేనెరంగు కళ్లు. జాతర్లు తిరిగే ఒక దొంగ సర్కసు నుంచి అధికారులు విడిపించి తెచ్చారు. దాన్ని ఆడించినవాడు పారిపోయాడు కనుక దాని వెనకటి సంగతులు చెప్పేవాళ్లు లేరు. పుట్టినప్పటి నుంచి బోనులోనూ సిమెంటు మీదా బతికింది. ముందరి కాళ్ల కీళ్లు వాచిపోయి ఉన్నాయి.

దాని కోసం సులోచన విశాలమైన మట్టినేలకు కంచె కట్టించింది. తుమ్మచెట్లు, కుంట, పడుకోవడానికి బండలు. సిమెంటు గదికీ ఆ నేలకీ మధ్య పైకి లేచే ఇనుప తలుపు. తలుపు తాడు బయటి నుంచే లాగుతారు. రోజూ పొద్దున తలుపు ఎత్తుతారు, లచ్చిమమ్మ గడప దాకా వస్తుంది, కూర్చుంటుంది. అంతే. ఎదురుగా మాంసం పెడితే చొంగ కారుస్తుంది కానీ అడుగు పెట్టదు.

"మన్నులో నడిస్తేనే ఆ కాళ్లు నిలబడేది," అంది సులోచన. "ఇంకొన్నాళ్లు సిమెంటు మీదనే ఉంటే లేసేది కూడా నిలిచిపోతాదే. కాళ్లు పడిపోయిన సింగాన్ని ఏం చేస్తారో నాకు తెలుసు. ఆ సూది ఎయ్యాల్సింది నేనే."

కోడలి గొడవైతే ఎంత బాగుండునో అనిపించింది.

గృహప్రవేశం మాత్రం నిజంగానే చేశారు. గడపకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు, మామిడి తోరణం కట్టారు, గుమ్మడికాయ కొట్టారు, పాలు పొంగించారు. మా ఇంటికి కూడా ఇంత శాస్త్రోక్తంగా జరగలేదు. సాయంత్రం రాగిసంగటి, ఊరిబిండి అని శెనక్కాయల పచ్చడి, ఆకుకూర పప్పు పెట్టారు. సంగటి నమలకూడదని, మింగాలని నరసమ్మగారు దగ్గర కూర్చుని నేర్పారు. అతిథుల గది చిన్నదే, శుభ్రంగా ఉంది. ఫ్యాను తిరుగుతుంది, దోమతెర అడిగితే ఇస్తారు.

ఆదివారం తెల్లవారుతూనే లచ్చిమమ్మ గర్జనకు మంచం మీద లేచి కూర్చున్నాను. ఆ ఊళ్లో అలారం పెట్టుకోనక్కర్లేదు. కాఫీ గ్లాసు పట్టుకుని కంచె దగ్గరకు వెళ్లేసరికి, ఇనుప తలుపు ఇంకా దించే ఉంది. ఖాళీగా ఉన్న మట్టినేలలో నరసమ్మగారు గడప ముందు పేడనీళ్లు చల్లి, వంగి ముగ్గు వేస్తున్నారు. ఆదివారమని రథం ముగ్గు. నెల రోజులుగా ఒక్క పూట తప్పలేదట. రథం పూర్తయ్యాక, ఏ ఇంటి ముందైనా వేసినట్టే, గడపకు అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివర దాకా రెండు తెల్లటి గీతలు లాగారు. బయటికి వచ్చి గేటుకు తాళం వేశాక సులోచన తాడు లాగింది.

లచ్చిమమ్మ కుంటుకుంటూ వచ్చింది. తల దించి నేల చూసింది. గీత తాకకుండా గడప లోపలే రెండు కాళ్లూ బుద్ధిగా సర్దుకుని కూర్చుంది.

"గీత ఉండాది గదమ్మా, కంచె యాల?" బస్సులో ఆవిడ మాట నా చెవిలో గంట కొట్టినట్టు మోగింది. కాఫీ చీర మీద ఒలికింది. అక్కడికక్కడే సులోచనకు ఆ జాతర కథంతా చెప్పాను. వింటూ వింటూ తను వల పట్టుకుని నిలబడిపోయింది.

"గీత దాటితే కొట్టింటాడే వాడు," అంది చివరికి. "మేము దినామూ దాని ముందర గీత గీసి, రా రా అంటాండాము."

నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. రెండూ అనుకుంటాను. ఇద్దరం నరసమ్మగారి వైపు తిరిగాం. ఆవిడ ముగ్గు డబ్బా గుండెకు ఆనించుకున్నారు.

"ముగ్గు తుడిసేదా? ముగ్గు లేని వాకిలి ఎప్పుడుంటాదో నీకు తెల్దా సులోచనా? మీ నాయన పోయిన పొద్దు మన వాకిట్లో ముగ్గు లే. నా చేతులారా నేను తుడిసేది లే. కావాలంటే గీతలు చెరుపు, రథం ఉండనీ."

"దానికి ఏది గీతో ఏది రథమో ఎట్ల తెలుస్తాది మా?"

అందే కానీ, సులోచన చీపురు అందుకోలేదు. వాళ్ల నాయన మాట వచ్చాక ఆ చేతులు కదలలేదని నాకు అర్థమైంది. లోపల లచ్చిమమ్మ కాళ్లు మార్చి కూర్చోబోయి మూలిగింది. చిన్న మూలుగే. నరసమ్మగారు వల దగ్గరకు పోయి దాని ముఖంలోకి చూశారు.

"ఏమ్మా, నా గీతకేనా నువ్వు భయపడేది?"

అది కళ్లార్పింది.

"తలుపు దించు," అన్నారు కూతురితో.

తాళం తీసుకుని ఆవిడే లోపలికి వెళ్లారు. కడివెడు నీళ్లు కుమ్మరించారు, చీపురుతో రథాన్నీ గీతల్నీ కడిగేశారు, మిగిలిన తెలుపు కనబడకుండా దోసిళ్లతో ఎర్రమట్టి తెచ్చి పోసి కాలితో తొక్కారు. పసుపు గడపను మాత్రం ముట్టలేదు. బయటికొచ్చి కొంగుతో ముఖం తుడుచుకుని, "ఎత్తు," అన్నారు.

లచ్చిమమ్మ వచ్చింది. అలవాటు చొప్పున అక్కడే కూర్చుంది. నాకు ప్రాణం ఉసూరుమంది. తడిమన్ను వాసన చూసింది. గీత కోసం అటూ ఇటూ వెతికింది. ఎండ ముదిరింది, ఈము మళ్లీ నా గొడుగు జోలికి వచ్చింది, ఎవరమూ అక్కణ్ణించి కదలలేదు. ఎప్పటికో ఒక పంజా మట్టి మీద పెట్టింది. వెంటనే లాక్కుని మా వైపు చూసింది, ఎవరి చేతిలోనైనా కట్టె ఉందేమోనని. నేను గొడుగు కింద పడేశాను. ముగ్గురం ఖాళీ చేతులు కనబడేలా నిలబడ్డాం. నేనెందుకు చేతులు చాపానో నాకే తెలియదు. మళ్లీ పంజా పెట్టింది. ఈసారి రెండోది కూడా. తర్వాత ఒళ్లంతా బయటికి వచ్చేసింది.

బయటికొచ్చాక ఏం చెయ్యాలో దానికి తెలియలేదు పాపం. కాసేపు నిలబడింది. తుమ్మచెట్టు దాకా నడిచింది. దబ్బున పడి, నాలుగు కాళ్లూ ఆకాశానికెత్తి ఎర్రమట్టిలో పొర్లింది. సులోచన నన్ను కావలించుకుని గట్టిగా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నా జీవితంలో ఒక జంతువును చూసి ఇంత సంతోషపడతానని ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు.

నరసమ్మగారు కళ్లు తుడుచుకుంటూనే తిట్టారు. "చూడు దాన్ని! నిన్న నీళ్లు పట్టి కడిగిన ఒళ్లు, అంతా మన్ను చేసుకునింది."

మధ్యాహ్నం ఓళిగలు, అంటే మా బొబ్బట్లే, చేశారు. నెయ్యి పోసి పోసి పెట్టారు. ఎన్ని తిన్నానో అడక్కండి.

సోమవారం పొద్దున నేను బయలుదేరేటప్పటికి లచ్చిమమ్మ అప్పుడే కుంట దగ్గర ఉంది. నరసమ్మగారు ఈముల దొడ్డి ముందు వంగి ఉన్నారు. చెయ్యి ఊరుకోలేదట. బియ్యప్పిండితో ముగ్గు వేస్తుంటే, వెనకాలే ఈములు ముక్కులతో పొడిచి తినేస్తున్నాయి.

"తిననీలే పాపా. వాటికి ఏ గీతా తెల్దు, అదృష్టవంతులు," అన్నారు. గొడుగు కూడా వాటికే వదిలేసి వచ్చాను.

తనకల్లులో కదిరి బస్సు దొరికింది. వచ్చేటప్పటి కండక్టరే. నన్ను గుర్తుపట్టాడు.

"సింగాలను చూసినారా మేడమ్? ఏం చేసినాయి?"

"ఒకటి గడప దాటిందండీ."

"అంతేనా?"

"అంతే."

ఇంత దూరం ఇందుకా వచ్చిందన్నట్టు చూసి, సున్నా టికెట్ చేతిలో పెట్టి ముందుకు పోయాడు. నేను కిటికీ వైపు జరిగి కూర్చున్నాను. దారి పొడవునా పల్లెల్లో అప్పుడే కళ్లాపి చల్లి ముగ్గులు పెట్టారు. ప్రతి గడప ముందూ రెండేసి తెల్లటి గీతలు. వాటి మీదుగా కోళ్లు, మేకలు, ఒక ముసలి కుక్క ఇష్టమొచ్చినట్టు అటూ ఇటూ నడుస్తున్నాయి. కదిరి వచ్చేదాకా అవే చూస్తూ కూర్చున్నాను.